మా నాయన గడ్డం నానిన పొద్దు

మా నాయన మొగులయ్య దిండు గలీబు ఎప్పుడూ ఒకవైపే చిరుగుతుంది. ఆయన కుడిపక్కకు తిరిగి పడుకుంటాడు. గడ్డం గీయించుకున్న మర్నాటికే ఆయన చెంప బట్టను పట్టుకుంటుంది. చిరిగాక మా అమ్మ కౌసల్యమ్మ గలీబును తిరగేసి తొడుగుతుంది. కొన్నాళ్లకు రెండో వైపు కూడా చిరిగితే అది వంటింటి మసిగుడ్డ అవుతుంది. మా ఇంట్లో మసిగుడ్డలన్నీ అలా వచ్చినవే.

చిన్నప్పుడు నేను ఆయన చెంపకు చెంప ఆనించేదాన్ని కాదు. వరి కోసిన మడిలో కొయ్యకాళ్ల మీద చెప్పుల్లేకుండా నడిచినట్టు ఉండేది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అందుకే నా నెత్తి మీద మాత్రమే ముద్దు పెట్టేవాడు.

ఇంద్రేశంలో మా పొలం ఉన్నచోట ఇప్పుడు సిమెంటు రోడ్లు, నంబర్లు రాసిన రాళ్లు ఉన్నాయి. పొలం పోయాక నాయన పటాన్‌చెరు దాటి ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద చేరాడు. డ్రమ్ములు దొర్లించే పని. కొన్నేళ్లు దొర్లించాడు. తర్వాత మోకాళ్లు మొరాయించాయి. కూర్చుంటే లేవడానికి గోడ కావాలి, లేస్తే కూర్చోవడానికి మంచం కావాలి. ఇక డ్రమ్ములు తన వల్ల కాదని ఆయన చెప్పకముందే సూపర్‌వైజర్ చెప్పాడు. లోపల పౌడర్ రూములో ఒక ఖాళీ ఉందని కూడా చెప్పాడు. అక్కడ స్టూలు మీద కూర్చుని సంచుల్లోకి పౌడర్ నింపాలి. దొర్లించేది ఏమీ ఉండదు. కానీ ఆ పౌడర్ ఊపిరితిత్తుల్లోకి పోకూడదు కాబట్టి ముఖానికి గట్టిగా అతుక్కునే మాస్కు పెట్టుకోవాలి. మాస్కు అతుక్కుంటుందో లేదో ముందు పరీక్ష పెడతారు. నెగ్గితే లోపల స్టూలు. లేకపోతే బయట డ్రమ్ములు, అవీ కాకపోతే ఇల్లు.

నాయన జీవితంలో రాసిన మొదటి పరీక్ష అదే. దాన్ని ఆయన చెంప రాయాలి.

పరీక్ష పెట్టేది స్నిగ్ధ అనే సేఫ్టీ మేడం. వయసులో నాకంటే రెండు మూడేళ్లు పెద్ద ఉంటుందేమో. మొదటిసారి ఆమె మాస్కు ముట్టుకోనే లేదు. ఒక దూది ఉండ తీసుకుని నాయన దవడ మీదుగా లాగింది. సగం దూది ఆమె చేతిలో, సగం ఆయన దవడ మీద మిగిలింది.

"షేవింగ్ ఎప్పుడు చేయించుకున్నారు అంకుల్?"

"నిన్ననే మేడం."

"నిన్నటిది పనికిరాదు అంకుల్. వెంట్రుక మొన ఉంటే మాస్కు అంచు చర్మానికి ఆనదు. సందులోంచి పౌడర్ వచ్చేస్తుంది."

నాయన సిగ్గుపడి దవడ తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు. బస్సులో పక్కన కూర్చున్నాయన పన్ను పీకించుకున్నావా అని అడిగాడట. ఆ దూదిని ఇంటికొచ్చాక అమ్మ తీసింది.

రెండోసారి ఆయన పరీక్ష రోజు పొద్దున్నే ముర్తుజా దగ్గరికి వెళ్లాడు. ముర్తుజాది మా వీధి మలుపులో రెండు కుర్చీల సెలూన్. అతను నాయన ఈడువాడే. నాయన తన గడ్డం తాను గీసుకోవడం ఎరగడు. ఆయన కాలపు రైతులు చాలామంది అంతే. మెడ వెనక్కి వాల్చి కళ్లు మూసుకోవడం వరకే వాళ్ల పని, మిగతాది ముర్తుజా చూసుకుంటాడు. కానీ పొద్దున పూట సెలూన్ నిండా షిఫ్టు వాళ్లు. ముర్తుజా డబ్బాలోంచి నురగ కొట్టి, అది మెత్తబడే లోపలే గీకేశాడు. నాయన ఇంటికొచ్చేసరికి దవడ కింద నాలుగైదు చోట్ల ఎర్ర చుక్కలు. మంట మంట అంటుంటే అమ్మ కొబ్బరినూనె రాసింది. బాగా రాసింది. ఆమె ఏదైనా బాగానే రాస్తుంది.

ఈసారి దూది పట్టలేదు. మాస్కు తొడిగి, తల మీద పెద్ద ప్లాస్టిక్ సంచి లాంటిది కప్పి, అందులోకి చేదుమందు కొట్టారు. మాస్కు సరిగ్గా అతుక్కుంటే నోటికి ఏ రుచీ తెలియకూడదు. తల అటూ ఇటూ తిప్పమంటే నాయన తిప్పాడు. నూనె మీద మాస్కు కూడా తన ఇష్టం వచ్చినట్టు తిరిగింది.

"చేదు తెలుస్తోందా అంకుల్?"

"కాకరకాయ లెక్కనే ఉన్నది మేడం."

ఇంటికొచ్చి ఇదంతా చెబితే అమ్మకు కోపం వచ్చింది. "తెలుస్తలేదు అని అనరాదా?"

"మూతి వంకర పోయింది. ఇగ ఏం అబద్ధం చెప్పాలె?"

మేడం ఇంకొక్క అవకాశం ఇచ్చింది. మంగళవారం పొద్దున. ఆ తర్వాత పరీక్ష సామాను వేరే యూనిట్‌కు వెళ్లిపోతుంది, ఖాళీలో వేరేవాళ్లను పెట్టేస్తారు. నాయన సరే మేడం అని తల ఊపి వచ్చాడు. మంగళవారం అన్న మాట ఆయన బుర్రలోకి బస్సు ఎక్కాక దిగింది.

మా ఇంట్లో మంగళవారం కత్తి ముఖానికి తగలదు. మా తాత ఒక మంగళవారం గడ్డం గీయించుకుంటే ఆ సాయంత్రమే ఎద్దు కాలు విరిగింది. ఎద్దు పక్కింటివాళ్లది. విరగడానికి కారణం పైపుల కోసం తవ్వి వదిలేసిన గుంత. ఈ రెండు సంగతులూ అందరికీ తెలుసు. అయినా అప్పటినుంచి మంగళవారం మానేశారు. ఊళ్లో అందరిదీ ఇంచుమించు ఇదే పద్ధతి కాబట్టి మంగళవారం సెలూన్లు తెరవరు. తెరవకూడదని సెలూన్ల సంఘం తీర్మానం కూడా ఉంది. సంఘానికి పెద్ద నర్సన్న. ఆయన ఇల్లు మా ఇంటికి నాలుగిళ్ల అవతల.

ఆదివారం అంగడి నుంచి వస్తూ నాయన ముర్తుజా దగ్గర ఆగాడు. నేను కూరగాయల సంచితో బయట నిలబడ్డాను. సెలూన్‌లోకి ఆడపిల్లలు వెళ్లరు. తలుపు తెరిచే ఉంటుంది కాబట్టి వెళ్లాల్సిన అవసరమూ రాదు.

"మంగళారమా?" అన్నాడు ముర్తుజా. "ఆ మేడం ఇంట్ల కేలండర్ లేదా?"

"ఆమెకు నేను చెప్పలే."

"ఎందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? మంగళారం గడ్డం తియ్య మేడం, ఇంకో దినం పెట్టుండ్రి అనాల్నా? నా బిడ్డ ఈడుది."

"పోనీ, సోమారం రాత్రికి గీకుత."

"నా గడ్డం నీకు తెల్వదా? తెల్లారేసరికి దూది పట్టుకుంటది."

"తెలుసన్నా. నా బ్లేళ్లన్నీ నీ మూతి మీదనే షహీద్ అయినయ్."

ఇద్దరికీ దారి దొరకలేదు.

దారి అమ్మ చెప్పింది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, "పొద్దు పొడిసేదాక సోమారమే కదా" అంది. వారం మారేది పొద్దు పొడుపుతోనే అని మా నానమ్మ చెప్పేదట. కాబట్టి మంగళవారం తెల్లారకముందు గీస్తే అది సోమవారం గీసినట్టే. అప్పటి నునుపు పరీక్ష వేళ దాకా నిలిస్తే చాలు. చలికాలం, పొద్దు ఆలస్యంగా పొడుస్తుంది. అదొక్కటే మాకు కలిసొచ్చింది.

మర్నాడు అమ్మ ముర్తుజాను ఇంటికి పిలిపించి చెప్పింది. అతను గడ్డం గోక్కున్నాడు.

"మా లెక్కల అట్ల కాదక్కా. సోమారం పొద్దుగూకి మగ్రిబ్ నమాజ్ అయిందంటే మంగళారం మొదలైనట్టే."

"నీ లెక్క నీ ఇంట్ల పెట్టుకో. గడ్డం మాది."

"మరి సంఘం?"

సంఘం లెక్క మూడోది. దాని ప్రకారం మంగళవారం నర్సన్న నిద్ర లేచినప్పుడు మొదలవుతుంది. నర్సన్న పాల ప్యాకెట్ల కోసం బయటికి వచ్చే లోపల పని అయిపోవాలని ముగ్గురూ అనుకున్నారు.

"దుకాణంల కాదు, మీ ఇంట్లనే గీకుత" అన్నాడు ముర్తుజా. "కానీ ఒక్క షరతు. ఈసారి జల్దీ జల్దీ అనొద్దు. ముందు నాననియ్యాలె. మొగులన్నా, పొలం నానకుండ నాగలి పెట్టినవా ఎప్పుడన్న?"

"పెట్టలే."

"మరి నీ చెంప ఏం పాపం చేసింది?"

నాయన చెంప తడుముకుని, "సరే తీ" అన్నాడు.

ముర్తుజా మా కుండీలో వేలు ముంచి, రెండు వేళ్లు రుద్ది చూశాడు. "బోరు నీళ్లా? వీటితోని నానది. సబ్బు తెట్టె కడ్తది. మంజీరా నీళ్లు పట్టి పెట్టుండ్రి."

మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు నల్లాలో వస్తాయి. ఆ సాయంత్రం వచ్చినప్పుడు నేను రెండు బిందెలు నింపి మూతలు పెట్టాను. అవి తాగే నీళ్లు. ఒక బిందె నాయన గడ్డానికి పక్కన పెట్టినందుకు అమ్మ చారు పలచగా కాకుండా చిక్కగా కాచింది.

తెల్లవారుజామున ముర్తుజా తన సంచి దుప్పటి కింద దాచుకుని వచ్చాడు. దొంగతనానికి వచ్చినవాడిలా ఉన్నాడు, కానీ దగ్గు ఆపుకోలేకపోతున్నాడు. లోపల కూర్చుందామంటే నాయన ఒప్పుకోలేదు. పొద్దు ఎప్పుడు పొడుస్తుందో తనకు కనపడాలన్నాడు. వాకిట్లో బల్బు కింద కుర్చీ వేసి, తూర్పుకు తిరిగి కూర్చున్నాడు. మంగలి ముందు ఆయన కళ్లు తెరిచి కూర్చోవడం నేను చూడటం అదే మొదలు.

నేను వంటింట్లో నీళ్లు కాచి, తువ్వాల ముంచి, పిండి ఇస్తున్నాను. పది తర్వాత బడి మానేశాక ఇలాంటి పనులన్నీ నావే. ముర్తుజా తువ్వాలను మూడు మడతలు పెట్టి, ముక్కు వదిలేసి, దవడ చుట్టూ అద్దాడు.

"కాలుతాంది రా!"

"కాలాలె. కాలితేనే మెత్తబడ్తది."

తువ్వాల చల్లారాక ఇంకొకటి. ముర్తుజా మధ్యలో బొటనవేలితో దవడ నొక్కి చూశాడు. "ఇంకా కొయ్యలే ఉన్నయ్" అన్నాడు. మళ్లీ తువ్వాల. తర్వాత సబ్బు నురగ తీసి బ్రష్షుతో గుండ్రంగా, వెంట్రుకకు ఎదురుగా రుద్దుతూ పోయాడు. రుద్ది వదిలేశాడు. వదిలేసి బీడీ వెలిగించుకున్నాడు.

"ఏందిరా, కూసున్నవ్?" అన్నాడు నాయన నురగలోంచి.

"నాన్తాంది."

"తెల్లారుతాంది అవతల."

"నువ్వు తూర్పు దిక్కు సూడు మొగులన్నా, గడ్డం సంగతి నేను సూస్త. సబర్ చెయ్ జెర."

నాయన తూర్పు చూశాడు. తూర్పున చూడటానికి ఎక్కువేమీ లేదు. మా ఇంటికి ఎదురుగా నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు ఉంది. దాని వెనక ఆకాశం బూడిద రంగులోకి వస్తోంది. ఎక్కడో షిఫ్టు బస్సు హారన్ కొట్టింది.

ముర్తుజా బీడీ పారేసి, నురగ తుడిచి, మళ్లీ కొత్త నురగ పెట్టి, అప్పుడు కత్తి తీశాడు. ఇంతకుముందు నాయన గడ్డం గీస్తుంటే గరగరమని సెలూన్ బయటికి వినబడేది. ఈసారి ఏ శబ్దమూ లేదు. కత్తి ఆడటం లేదేమోనని నేను దగ్గరికి వెళ్లి చూశాను. ఆడుతోంది. దాని వెనక కుడి చెంప బయటపడుతోంది. నాకు ఎప్పుడూ పరిచయం లేని చెంప. చెవి దగ్గర నుంచి గడ్డం మధ్య దాకా అయింది. ఒక్క చుక్క నెత్తురు లేదు.

అప్పుడు నాయన చెయ్యి ఎత్తాడు. "ఆపు."

"ఏమైంది?"

"పొద్దు పొడిసింది."

అపార్ట్‌మెంటు పైన నీళ్ల ట్యాంకు ఒకవైపు పసుప్పచ్చగా మెరుస్తోంది. ముర్తుజా దాన్ని చూశాడు. కత్తి ఉన్న చెయ్యి కిందికి దించాడు.

"సగం గడ్డంతోని పోతవా?"

"పోత."

"మరి సగం మాస్కు ఇస్తరా వాళ్లు?"

నాయన ఎడమ చెంప మీద నురగ మెల్లగా ఆరిపోతోంది. ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, వాటిని నిమురుతున్నాడు. నిమురుతున్నట్టు ఆయనకు తెలియదు. అమ్మ గడపలో నిలబడి ఆ చేతులనే చూస్తోంది.

సరిగ్గా అప్పుడు గేటు చప్పుడైంది. పాల ప్యాకెట్లు చేతిలో పట్టుకుని నర్సన్న. వీధిలో పోతూ వాకిట్లో కుర్చీ, తువ్వాల, ముర్తుజా కనపడితే ఆగిపోయాడు. సంఘం పెద్ద ఆగకుండా ఎలా పోతాడు.

"ఏంది ముర్తుజా? ఇయ్యాల ఏ వారం?"

ముర్తుజా కత్తిని వెనక్కి దాచాడు. దాచినా బ్రష్షు బల్ల మీదే ఉంది, నురగ నాయన ముఖం మీదే ఉంది.

"సోమారం" అంది అమ్మ.

నర్సన్న ఆమె వైపు తిరిగాడు. వారాలూ వర్జ్యాలూ మా వీధిలో ఎవరైనా తప్పితే ముందు మాట్లాడేది అమ్మే. ఆ సంగతి నర్సన్నకు తెలుసు.

"సోమారమా వదినా? మరి గదేంది?" అని ట్యాంకు వైపు చూపించాడు.

అమ్మ అటు చూసింది. తీరిగ్గానే చూసింది. "లైటేసుకున్నరు. వాళ్లకు కరెంటు బిల్లు భయం లేదు."

నర్సన్న ట్యాంకును చాలాసేపు చూశాడు. తర్వాత నాయన చేతులు చూశాడు. పాల ప్యాకెట్లు ఎడమ చేతిలోకి మార్చుకుని దగ్గరికి వచ్చి, గీయని చెంప మీద బొటనవేలు ఆనించాడు.

"ఇది ఆరిపోయింది ముర్తుజా. గిట్లనే గీకితే నెత్తురొస్తది. మళ్ల నానబెట్టు."

"నాననిస్తే లేటైతదన్నా."

"ఎందుకు లేటు? సోమారం ఇంకా చానా ఉన్నదంటున్నరు కదా వదిన." గేటు దగ్గరికి వేసి వెళ్లిపోయాడు.

నేను వంటింట్లోకి పోబోతే అమ్మ నన్ను ఆపి తనే వెళ్లింది. నీళ్లు కాచి, తువ్వాల తనే పిండి తెచ్చింది. మళ్లీ మూడు మడతలు పెట్టి, ఈసారి నాయన దవడ మీద మాత్రమే కాదు, కళ్ల మీదికి కూడా కప్పింది. నాయన ఏదో అనబోయాడు.

"మాట్లాడకు" అంది. "నాననియ్యి."

సాయంత్రం నాయన ఎప్పటి బస్సుకే వచ్చాడు. కాళ్లు కడుక్కున్నాడు, నీళ్లు తాగాడు, మంచం మీద కూర్చున్నాడు. అడగాలని నాకూ ఉంది, అమ్మకూ ఉంది.

"దూది తెల్లగనే ఉన్నది" అన్నాడు చివరికి. "రెండు దిక్కుల లాగింది. ఏం పట్టలే. తర్వాత చేదు కొట్టిన్రు. వంగమన్నరు, వంగిన. తల తిప్పమన్నరు, తిప్పిన. ఏదన్న మాట్లాడమన్నరు. ఏం మాట్లాడాలె? ఊళ్ల పేర్లు చెప్పిన. ఇంద్రేశం, పటేల్‌గూడ, సుల్తాన్‌పూర్. సదాశివపేట దాక పోయిన. ఏం రుచి రాలే."

"అయితే?"

"రేపటి నుంచి లోపల."

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇగ అయిపాయె."

"కాలే. ఇగ రోజు గీకాల్నట."

"రోజంటే?"

"రోజంటే రోజే. మాస్కు పెట్టుకునే ప్రతి రోజు."

"మంగళారం గూడ?"

"అడిగిన. మా దిక్కు మంగళారం తియ్యరు మేడం అని చెప్పిన. నవ్వలేదు పాపం. మాస్కుకు ఏ వారమైనా ఒకటే అంకుల్ అన్నది."

ఈ సంగతి మేం ముగ్గురం ముందుగా ఆలోచించలేదు. పరీక్ష నెగ్గితే గడ్డం సంగతి తీరిపోతుందనుకున్నాం. ముర్తుజాకు చెబితే అతను రెండు చేతులూ జోడించాడు. "నర్సన్న ఒక్క దినం సోమారం అన్నడు మొగులన్నా. వారం వారం అనడు." అని, లోపలికి వెళ్లి ఒక ప్లాస్టిక్ రేజరు తెచ్చి నాయన చేతిలో పెట్టాడు. ఆ వారమంతా గిరాకీ లేని వేళ చూసి కుర్చీలో కూర్చోబెట్టి పట్టుకోవడం నేర్పాడు. నేర్పింది తక్కువ, తిట్టింది ఎక్కువ అని నాయన అన్నాడు.

తర్వాతి మంగళవారం నాయన తనే లేచాడు. నీళ్లు నేను కాచాను. తువ్వాల తనే ముంచుకున్నాడు, తనే పిండుకున్నాడు, తనే దవడకు చుట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. నురగ పెట్టుకుని, వదిలేసి, మళ్లీ పెట్టుకున్నాడు. అమ్మ రెండుసార్లు గడప దాకా వచ్చి వెనక్కి పోయింది. కిటికీ ఊచకు అద్దం తగిలించి, ఆయన తన దవడను ఎన్నడూ చూడనంత దగ్గరగా చూసుకుంటూ గీసుకోవడం మొదలుపెట్టాడు.

"ఈడ పుట్టుమచ్చ ఉన్నదని ఎవరూ చెప్పలేదేందే?" అన్నాడు మధ్యలో.

"నువ్వు అడిగినవా?" అంది అమ్మ లోపలినుంచి.

అంతా అయ్యాక చెవి కింద, మెడ మీద సన్నగా తెగింది. చిన్న గీత. దాని మీద నెత్తురు బొట్టు నిలిచింది. అమ్మ బయటికొచ్చి చూసింది. మంగళవారం, కత్తి, నెత్తురు. ఆమె నోరు తెరిచింది.

నాయన ఆ గీత మీద వేలు పెట్టి, అక్కడి నుంచి దవడ దాకా వేళ్లతో కొలిచాడు.

"ఈడిదాక మాస్కు రాదు" అని, టిఫిన్ డబ్బా తీసుకుని బస్సుకు వెళ్లిపోయాడు.